సీతాకోకచిలుకలకు ఏం పెట్టాలి, నీళ్లు ఎలా పెట్టాలి

ఎండాకాలం రాగానే డాబాల మీద పిట్టలకు నీళ్ల గిన్నెలు పెట్టడం చాలామందికి అలవాటైంది, మంచి అలవాటు. ఆ ఊపులోనే పక్కన ఇంకో పళ్లెంలో పంచదార నీళ్లు పోసి సీతాకోకచిలుకల కోసం అని పెట్టేవాళ్లూ ఉన్నారు. ఉద్దేశం మంచిదే కానీ ఆ పళ్లెం వల్ల సీతాకోకలకు జరిగే మేలు చాలా తక్కువ, ఒక్కోసారి అవి అందులోనే పడి రెక్కలు అంటుకుపోయి చచ్చిపోతాయి. పిట్ట నీళ్లు తాగే తీరు వేరు, సీతాకోక తాగే తీరు వేరు. పైగా సీతాకోకల్లోనూ, వాటికి దగ్గరి చుట్టాలైన మాత్‌లలోనూ (రాత్రిపూట దీపాల చుట్టూ తిరిగే రెక్కల పురుగులు) అన్నిటికీ ఒకే తిండి పనికిరాదు. కొన్ని పూలకే వస్తాయి, కొన్ని పూల జోలికే పోకుండా కుళ్లిన పండు మీదో పేడ మీదో వాలతాయి, కొన్నిటికైతే నోరే పనిచేయదు. అందుకే ఏది పెట్టాలన్నా ముందు వాటి నోటి సంగతి తెలియాలి.

గొంగళిగా ఉన్నప్పుడు దానికి గట్టి దవడలు ఉంటాయి, ఆకుని అంచు నుంచి కొరుక్కుంటూ పోతుంది. రెక్కలొచ్చాక ఆ దవడల అవసరం ఉండదు, వాటి బదులు సన్నటి పొడవాటి తొండం వస్తుంది. వాడనప్పుడు అది తల కింద చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఈ తొండం పుట్టుకతో ఒకే గొట్టం కాదు, రెండు సగాలుగా ఉంటుంది. ప్యూపా (గొంగళికీ సీతాకోకకూ మధ్య దశ) నుంచి బయటపడిన కాసేపట్లోనే సీతాకోక తొండాన్ని చుట్టుతూ విప్పుతూ ఆ రెండు సగాలను ఒకదానికొకటి బిగించుకోవాలి, అప్పుడే అది పీల్చే గొట్టం అవుతుంది. ఆ పని సరిగ్గా కుదరని సీతాకోక చుట్టూ ఎన్ని పూలున్నా ఆకలితోనే పోతుంది. కొత్తగా బయటికొచ్చిన దాన్ని అయ్యో పాపం అని చేతిలోకి తీసుకుని ఏదో తాగించబోయేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది. ఆ సమయంలో దానికి ఆకలి ఉండదు, రెక్కలు కిందికి వేలాడేసుకుని ఆరబెట్టుకోవడమే దాని పని. మొదటి కొన్ని గంటలు ముట్టుకోకుండా వదిలేయడమే సాయం.

రుచి తెలిసేది తొండంతో మాత్రమే కాదు, కాళ్లతో కూడా. తియ్యటి ద్రవం మీద ముందు కాళ్లు ఆనితే చాలు, చాలా జాతుల్లో తొండం దానంతటదే విచ్చుకుంటుంది. నీరసించిన సీతాకోకకు తాగించేటప్పుడు ఈ ఒక్క విషయం తెలిస్తే సగం పని అయినట్టే. అయితే కదలకుండా కూర్చున్న ప్రతిదీ ఆకలితో ఉన్నట్టు కాదు. వాటి ఒంటికి సొంత వేడి ఉండదు, ఎగరాలంటే ఛాతీ భాగం దాదాపు 30 డిగ్రీలకు చేరాలి. డిసెంబరు ఉదయం గోడ మీద బిగుసుకుపోయినట్టు కనిపించేదాన్ని పది నిమిషాలు ఎండలో ఉంచితే చాలు, తనే లేచి వెళ్లిపోతుంది. ఎండలో పెట్టినా కదలకపోతేనే తిండి సంగతి చూడాలి.

పంచదార నీళ్లు కలిపితే ఒక చెంచా పంచదారకు నాలుగు నుంచి తొమ్మిది చెంచాల నీళ్లు చాలు. సీతాకోకలు వాలే పూలలో తేనె తీపి మామూలుగా 20, 25 శాతం దగ్గర ఉంటుంది. సీసా తేనెలో 80 శాతం దాకా చక్కెరలే, దాన్ని నీళ్లు కలపకుండా పెడితే అంత చిక్కటి ద్రవాన్ని వెంట్రుక లాంటి గొట్టంతో లాగడం కష్టం, కాళ్లకూ తొండానికీ జిగురు పట్టేస్తుంది కూడా. డయాబెటిస్ ఉన్నవాళ్లు వాడే తీపి బిళ్లల్లో శక్తి ఉండదు కాబట్టి అవి పనికిరావు. కలిపిన నీళ్లను గిన్నెలో పోయకూడదు, దూదిలోనో టిష్యూలోనో తడిపి, పైన ద్రవం నిలవకుండా కాస్త పిండి, సీతాకోకను దాని మీద కాళ్లు ఆనేలా నిలబెట్టాలి. పట్టుకోవాల్సి వస్తే మూసుకున్న నాలుగు రెక్కలనూ కలిపి, ఒంటికి దగ్గరగా, రెండు వేళ్ల మధ్య మెత్తగా పట్టుకోవాలి. చివరలు పట్టుకుంటే చిరుగుతాయి. అప్పటికీ తొండం విప్పకపోతే గుండుసూది మొనను ఆ చుట్ట మధ్యలోకి పోనిచ్చి మెల్లగా ముందుకు లాగి దూదికి తాకించాలి. ఒకసారి తీపి తగిలాక చాలావరకు సూది తీసేసినా తాగుతూనే ఉంటుంది, ఐదు పది నిమిషాల దాకా. రెండుసార్లు ప్రయత్నించినా చుట్టేసుకుంటుంటే బలవంతం చేయొద్దు, దానికి వద్దని అర్థం.

ఇదంతా రెక్క విరిగిన ఒకదాన్ని నాలుగు రోజులు బతికించడానికి సరే. రోజూ డాబా మీద పెట్టే తీపి పళ్లెం వేరే సంగతి. ముందు చీమలు పడతాయి, తర్వాత కందిరీగలు, వాటి వెనకే బల్లులు వస్తాయి. ఎండకు గంటల్లో పులుస్తుంది, మర్నాటికి బూజు. ఒకే దూది మీద పది సీతాకోకలు వాలితే ఒకదాని రోగం ఇంకోదానికి అంటుకునే అవకాశం కూడా ఉంది. తీపి కోసం వచ్చేవాటికి పూలే మేలు, ఆ పూలకు పెద్ద ఖర్చేం కాదు. నూరువరహాలు, పెంటాస్, రేకలు ముద్దగా లేని బంతి, వీటన్నిటికంటే ముందు ఎక్కడపడితే అక్కడ మొలిచే గడ్డి చామంతి. కలుపు అని పీకేసే ఈ చిన్న పసుపు గుండీ పువ్వు మీద ఏడాది పొడవునా ఏదో ఒక సీతాకోక ఉంటుంది, పెరట్లో ఓ మూల దాన్ని వదిలేస్తే పళ్లేలు పెట్టే శ్రమ తప్పుతుంది.

పువ్వు లోతుకీ తొండం పొడవుకీ లెక్క కుదరాలి, అందుకే అన్ని పూలూ అన్నిటికీ పనికిరావు. మడగాస్కర్‌లో ఒక ఆర్కిడ్ పువ్వుకి తేనె దాదాపు అడుగు లోతున ఉంటుందని చూసి, అంత పొడవు తొండం ఉన్న మాత్ అక్కడ ఉండి తీరాలని డార్విన్ 1862లో రాశాడు. అది 1903లో శాస్త్ర రికార్డుల్లోకి ఎక్కింది. మన పెరళ్లలో బొప్పాయి, పొట్ల పూలకు చీకటి పడ్డాక వచ్చే బొద్దు మాత్‌లు ఆ కుటుంబానివే, గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి తొండం దించుతాయి. వీటికి పళ్లెంలో ఏం పెట్టినా దండగే.

ఇక నీళ్లు. చాలామంది పొరబడేది ఇక్కడే. సీతాకోకకు రోజుకి కావాల్సిన నీళ్లు చాలావరకు పూల తేనెలోనే అందుతాయి. మరి వాగు ఒడ్డున, పశువుల పాక దగ్గర, బోరు పంపు కింద తడి నేల మీద గుంపులుగా ఎందుకు వాలతాయి? దాహం తీర్చుకోవడానికి కొంత, ఉప్పు కోసం ఎక్కువ. ఆకుల్లో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం చాలా తక్కువ. ఆకు తిని పెరిగిన గొంగళి ఒంట్లో ఆ లోటు ఉండిపోతుంది, పూల తేనెతోనూ అది తీరదు. అందుకే మట్టిలో ఊరిన లవణాలు, పశువుల మూత్రం పడ్డ నేల, కొండ దారుల్లో మనుషుల చెమట కూడా వాటికి కావాలి. నల్లమలలోనో మారేడుమిల్లి వైపో వాగు పక్కన కాసేపు కూర్చుంటే ఇది దగ్గరగా చూడొచ్చు. పసుపు, తెలుపు సీతాకోకలు రెక్కలు మూసుకుని ఒకే వైపుకి తిరిగి తడి ఇసుకలో తొండాలు గుచ్చి ఉంటాయి, మనిషి పక్కకొచ్చినా తొందరగా లేవవు. ఓపికపట్టి ఒకదాన్నే చూస్తే పొట్ట చివర నుంచి కొన్ని సెకన్లకోసారి ఒక నీటి బొట్టు బయటికి పడుతుంటుంది. నీళ్లు ఒకవైపు నుంచి పోతున్నాయి, ఇంకోవైపు నుంచి వచ్చేస్తున్నాయి, మధ్యలో సోడియాన్ని మాత్రం ఒళ్లు పట్టి ఉంచుకుంటోంది.

ఈ పని ఎంత దూరం పోతుందో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు స్మెడ్లీ, ఐస్నర్ 1990లలో ఒక చిన్న మాత్ మీద చూశారు. గ్లుఫీసియా అనే ఆ జాతి మగది ఒక్క విడతలో తన బరువుకి 600 రెట్ల దాకా నీళ్లు పీల్చి వెనక నుంచి చిమ్మేస్తుంది, అంతా ఆ కాస్త సోడియం కోసమే. అలా కూడబెట్టినది తన కోసం దాచుకోదు. జతకట్టినప్పుడు వీర్యంతోపాటు ఆడదానికి ఇస్తుంది, ఆడది గుడ్లలోకి పంపుతుంది. తడి నేల మీద కనిపించేవి ఎక్కువగా మగవే కావడానికి కారణం ఇదే. పిల్లకి పుట్టకముందే తండ్రి ఇచ్చే ఆస్తి ఆ ఉప్పు.

కాబట్టి నీళ్లు పెట్టాలంటే గిన్నె కాదు, తడి మట్టి పెట్టాలి. వెడల్పాటి మట్టి మూకుడు ఒకటి తీసుకుని అందులో ఇసుక, కాస్త తోట మట్టి కలిపి నింపి, పైన రెండు చదును రాళ్లు పెట్టి, ఇసుక తడిగా ఉండేంత వరకే నీళ్లు పోయాలి. వేలితో నొక్కితే తడి తగలాలి, నీళ్లు పైకి తేలకూడదు. రెండు మూడు పలుకుల కల్లు ఉప్పు చాలు, ఎక్కువైతే రావు. మాగిన ఎరువు పిడికెడు కలిపితే ఇంకా మంచిది. దీన్ని ఎండ పడే చోట, గాలి జోరు లేని చోట పెట్టాలి, నీడలో పెడితే ఎవరూ రారు. ఇంకో లాభం కూడా ఉంది, నిలవ నీళ్లు లేవు కాబట్టి డెంగీ దోమ గుడ్లు పెడుతుందన్న టెన్షన్ ఉండదు. ఓపిక మాత్రం కావాలి, వారాల తరబడి ఒక్కటీ రాకపోవచ్చు, చుట్టూ పూలూ ఆకులూ లేకపోతే అసలే రావు.

కొన్ని సీతాకోకలు పూలను పట్టించుకోవు. మామిడి ఆకు తిని పెరిగే బేరన్, సాయంత్రం మసక వెలుతుర్లో ఎండుటాకుల మధ్య ఎగిరే గోధుమరంగువి, బలంగా వేగంగా ఎగిరే రాజా, నవాబ్ జాతులు, ఇవన్నీ పండ్ల రసం, చెట్టు కారే బంక, పేడ, చచ్చిన పీతల మీద వాలే రకం. వీటికోసం తీపి నీళ్లు కలిపి కూర్చోనక్కర్లేదు, నల్లబడ్డ అరటిపండుని చీల్చి చెట్టు కొమ్మల మధ్య పెడితే చాలు. పండు పులిసే కొద్దీ వాసన దూరం పోతుంది, బెల్లం పాకం కొంచెం పూసినా, పులిసిన కల్లు చుక్కలు చల్లినా ఇంకా త్వరగా వస్తాయి. ఇంగ్లండులో పాతకాలపు మాత్ ప్రేమికులు బెల్లం మడ్డి, బీరు, రమ్ము కలిపి కాచి చెట్ల మొదళ్లకు పూసి రాత్రి లాంతరుతో వెళ్లి చూసేవాళ్లు. పద్ధతి ఈ రోజుకీ పనిచేస్తుంది. పండుని రెండో రోజు మార్చాలి, లేదంటే ఈగలే మిగులుతాయి.

అసలు తిననివి కూడా ఉన్నాయి, అవే మన రైతులకు బాగా తెలిసినవి. పట్టుపురుగు గూడు తెంచుకుని రెక్కలతో బయటికి వచ్చాక ఒక్క చుక్క కూడా తాగదు, దాని నోటి భాగాలు ఎదగవు. జతకట్టి, నాలుగైదు వందల గుడ్లు పెట్టి, వారం పది రోజుల్లో పోతుంది. దసలి పట్టు మాత్ కూడా అంతే. మంచిర్యాల జిల్లా చెన్నూరు వైపు, భూపాలపల్లి జిల్లా మహదేవ్‌పూర్ అడవుల్లో మద్ది చెట్ల మీద పెంచే ఆ పురుగు రెక్కలు అరచేతికి మించి విచ్చుకుంటాయి, అంత పెద్ద ఒంటికి తిండే లేదు. అందుకే పెద్ద మాత్ ఇంట్లోకి వస్తే దాని ముందు తేనె పెట్టి తాగడం లేదేంటని కంగారుపడటం అనవసరం. తనకు కావాల్సిందంతా గొంగళిగా ఉన్నప్పుడే తినేసి వచ్చింది. లైట్ ఆర్పి కిటికీ తెరవడమే దానికి చేయగలిగిన మర్యాద.

గొంగళికి నీళ్లు ఎలా పెట్టాలన్నది పట్టు రైతుకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. హిందూపురం, పలమనేరు వైపు షెడ్లలో పురుగులకు విడిగా నీళ్లు పెట్టడం ఉండదు, నీళ్లన్నీ మల్బరీ ఆకులోనే. చాకీ దశలో (పురుగు బాగా చిన్నగా ఉన్నప్పుడు) లేత చిగురాకు వేస్తారు, ఎందుకంటే అందులో తేమ ఎక్కువ, ఆ దశలో షెడ్‌లో గాలి తేమ కూడా 80, 90 శాతం ఉండేలా చూస్తారు. పురుగు పెద్దయ్యే కొద్దీ ముదురాకు వేస్తారు, గాలి తేమ తగ్గిస్తారు. నాలుగు జ్వరాలు (పురుగు తిండి మానేసి పాత చర్మం విడిచే సమయాలు) దాటి ఐదో దశకి వచ్చాక తిండి ఒక్కసారిగా పెరుగుతుంది, పురుగు జీవితం మొత్తంలో తినే ఆకులో 80 శాతానికి పైగా ఆ వారం రోజుల్లోనే పోతుంది, రాత్రి షెడ్‌లో నిలబడితే ఆకు కొరికే చప్పుడు వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. వానలో తడిసిన ఆకుని మాత్రం ఆరబెట్టకుండా వేయరు, తడి ఆకు వేస్తే పడకలో తేమ పెరిగి రోగాలు వస్తాయి, పంట పోతుంది. ఇంట్లో సరదాగా గొంగళిని డబ్బాలో పెంచే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. డబ్బాలో నీళ్ల మూత పెట్టొద్దు, మునిగిపోతుంది. తాజా కొమ్మ కాడని చిన్న సీసా నీళ్లలో నిలబెట్టి, సీసా మూతి దగ్గర సందు లేకుండా దూది కుక్కాలి. రోజూ రెట్టలు తీసేసి ఆకు మార్చాలి, అంతకంటే చేయాల్సింది లేదు.

కొన్నిటికి ఆకలి తీర్చని తిండి కూడా అవసరమే. జిల్లేడు మీద పెరిగే నారింజ రంగు ప్లెయిన్ టైగర్, వేసవి చివర్లో పడమటి కనుమల నుంచి మైదానాల వైపు గుంపులుగా వలస వచ్చే బ్లూ టైగర్లు, వీటిలో మగవి జనుము జాతి మొక్కల ఎండిన కొమ్మల మీద, తేలు కొండిలా వంకర తిరిగిన కంకి ఉండే హెలియోట్రోపియం మీద గంటల తరబడి వేలాడతాయి. అక్కడ తీపి కోసం కాదు వచ్చింది, ఆ మొక్కల్లోని చేదు ఆల్కలాయిడ్ల కోసం. వాటితోనే ఆడవాటిని ఆకర్షించే వాసన తయారుచేసుకుంటాయి, పిట్టలు తినకుండా కాపాడుకుంటాయి. పొలం గట్టున జనుము ఎండిపోయిందని అంతా కాల్చేయకుండా నాలుగు కొమ్మలు ఉంచితే వీటికి అదే విందు.

రైతు పక్షాన కూడా మాట్లాడాలి, ఎందుకంటే పండ్ల రసం తాగే మాత్‌లన్నీ కుళ్లిన పండు కోసం ఆగవు. నల్గొండ, అనంతపురం బత్తాయి తోటల్లో రసం పీల్చే రెక్కల పురుగు తొండం చివర గట్టిగా, మొనదేలి ఉంటుంది. రాత్రి వచ్చి పండబోతున్న కాయకు సూదితో పొడిచినట్టు రంధ్రం చేసి తాగిపోతుంది. ఆ రంధ్రం నుంచి కుళ్లు మొదలై కాయ రాలిపోతుంది. దీని గొంగళి పెరిగేది బత్తాయి మీద కాదు, గట్ల మీద అల్లుకునే తిప్పతీగ, దూసరతీగ మీద. అందుకే తోట చుట్టూ ఆ తీగలు లేకుండా చూడమంటారు, రాలిన కాయలు ఏరి పూడ్చమంటారు, బెల్లం మడ్డిలో మందు కలిపి ఎరగా పెట్టమంటారు. అదే తీపి, అదే వాసన, ఇక్కడ మాత్రం చంపడానికి. బత్తాయి తోట పక్కనే ఇల్లున్నవాళ్లు పులిసిన పండ్లు వేలాడదీసే సరదా మానుకోవాలి, పక్కవాళ్ల పంటకు చేటు.

ఇంతా చేస్తే పెద్దవాటికి పెట్టే తిండి సీతాకోకల సంఖ్యను పెద్దగా మార్చదు. గొంగళికి ఆకు దొరికే చోటే అవి నిలుస్తాయి, దొరక్కపోతే తేనె తాగి వెళ్లిపోతాయి. కరివేపాకు, నిమ్మ ఉంటే నల్లటి మార్మన్, లైమ్ సీతాకోకలు గుడ్లు పెడతాయి, రేల, కసింద ఉంటే లేత పసుపువి, వీధి చివర నిటారుగా పెరిగే అశోక చెట్టు ఉంటే ఆకుపచ్చ చుక్కల టెయిల్డ్ జే. కరివేపాకు మీద పిట్ట రెట్టలా కనిపించే మరక కదిలితే అదే లైమ్ గొంగళి, పెద్దయ్యాక పచ్చగా మారుతుంది, తాకితే తల వెనక నుంచి కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. చాలా ఇళ్లలో దాని బతుకు అక్కడితో ఆగిపోతుంది, వేపనూనె కొట్టడమో చెప్పుతో తొక్కడమో. పది అడుగుల కరివేప చెట్టుకి ఐదారు గొంగళ్లు లెక్కే కాదు, నెల తిరక్కుండా మళ్లీ చిగురిస్తుంది. కుండీలో మొక్క అయితే నిజమే, మూడు గొంగళ్లు దాన్ని మోడు చేస్తాయి, అప్పుడు వాటిని ఉన్న రెమ్మతో సహా కత్తిరించి ఎవరి పెరట్లోనైనా నిమ్మ చెట్టు మీద పెట్టొచ్చు.

టెక్సాస్ లాంటి చోట్ల ఉండే తెలుగువాళ్లకు ఈ ఆకు విషయంలోనే ఒక చిక్కు ఉంది. అక్టోబరులో మెక్సికోకి వలస వెళ్లే మోనార్క్ సీతాకోకలు ఆ దారినే పోతాయి, వాటికి అప్పుడు కావాల్సింది చలికాలమంతా కొవ్వుగా దాచుకోడానికి పూల తేనె, ఆకు కాదు. నర్సరీల్లో తేలిగ్గా దొరికే ఎరుపు, పసుపు పూల ట్రాపికల్ మిల్క్‌వీడ్ (మోనార్క్ గొంగళ్లు తినే మొక్క) అక్కడి చలికి చావకుండా పచ్చగా నిలిచిపోతే, దాని ఆకుల మీద ఓఈ అనే పరాన్నజీవి పేరుకుపోయి తర్వాతి గొంగళ్లకు అంటుకుంటుంది. స్థానిక మిల్క్‌వీడ్ నాటుకోవడం మంచిది, ట్రాపికల్‌దే ఉంటే శీతాకాలం ముందు మొదలంటా కత్తిరించేయాలి.

ఎక్కడైనా సరే నర్సరీ నుంచి తెచ్చిన మొక్క విషయంలో ఒక జాగ్రత్త ఉంది. మచ్చలేని ఆకు కోసం అమ్మేముందు పురుగుమందు కొట్టే చోట్లు ఎక్కువ, వాటిలో కొన్ని మందులు మొక్క లోపలికి ఇంకి ఆకులో, పూల తేనెలో కూడా వారాలపాటు ఉంటాయి. కడిగితే పోవు. సీతాకోకల కోసమని కొన్న మొక్కే వాటికి విషమవుతుంది. కొనేటప్పుడు ఏం కొట్టారో అడగాలి, సమాధానం సరిగ్గా రాకపోతే ఆకు కాస్త పురుగు తిన్న మొక్కనే ఎంచుకోవాలి, లేదా తెలిసినవాళ్ల ఇంటి నుంచి కరివేపాకు పిలకో జిల్లేడు విత్తనాలో తెచ్చుకుని నాటుకోవాలి.